పొట్ట కొవ్వుతో వేళ్లకు వైద్యం

ఆ రోజు పొద్దున బియ్యం కడుగుతుంటే నా కుడిచేతి మూడు వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. గిల్లుకున్నా నొప్పి తెలియలేదు. కాసేపటికి నీలంగా మారి, మంట పుట్టి, మామూలయ్యాయి. రాయదుర్గంలో ఒక యూనిట్‌లో అప్పటికి పదేళ్లుగా జీన్స్ కుడుతున్నాను. చలికేమోలే అనుకుని పనికి పోయాను.

మరుసటి చలికాలానికి వేళ్ల చర్మం బిగుసుకుపోయింది. ఉంగరం బయటికి రాలేదు. వేలి కొనల్లో పుండ్లు పడ్డాయి, గుడ్డ తగిలినా ప్రాణం పోయినట్టుండేది. అనంతపురంలో పరీక్షల రిపోర్టులు చూసిన డాక్టరు, "స్క్లెరోడెర్మా అమ్మా, చర్మం బిగుసుకుపోయే జబ్బు. రక్తనాళాలు సన్నబడతాండాయి," అన్నారు. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. మాత్రలు మింగుతుండగానే చూపుడు వేలి కొన నల్లబడింది. చెయ్యి తీసేస్తారేమోనని దుప్పటి కింద దాచుకునేదాన్ని.

బెంగళూరుకు పంపారు. అక్కడి డాక్టరమ్మకు తెలుగు వచ్చు. "మీ పొట్ట కొవ్వు కొంచెం తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు వేరు చేసి, వేళ్లలోకి ఇంజెక్షన్ ఇస్తాం. ఇది ట్రయల్, పని చేస్తుందో లేదో ఇంకా పరీక్షిస్తున్నాం. నయమవుతుందని మాట ఇవ్వలేను," అన్నారు.

నా భర్త మహబూబ్ నన్ను ఎగాదిగా చూసి, "ఈమె ఒంట్లో కొవ్వు యాడుండాది మేడమ్?" అన్నాడు.

"సరిపడా రాకపోతే ఆపేస్తాం."

"నా వేలు పోతాదా?" అని అడిగినాను.

"నల్లబడిన కొన పోతుంది. మిగతాది నిలుపుకోవాలనే మా ప్రయత్నం."

కన్సెంట్ ఫారం మహబూబ్‌తో రెండుసార్లు చదివించుకుని, ఎడమచేత్తో సంతకం పెట్టాను. కొవ్వు తీశాక, ల్యాబ్‌లో సెల్స్ వేరు చేసేదాకా కొన్ని గంటలు మంచం మీదే ఉన్నాను. చాలవంటారేమోనని తలుపు వైపే చూస్తున్నాను. సరిపోయాయి. ప్రతి వేలికీ రెండు పక్కలా సూది గుచ్చారు.

ఇంటికొచ్చిన మూడో రోజు జ్వరం. పొట్ట మీది గాయం ఎర్రగా వాచింది. చచ్చిపోతానని ఏడుస్తుంటే మహబూబ్, "ఈడ కూచోని ఏడ్చేదానికన్నా ఆడికి పోదాం, లెయ్," అని బస్సెక్కించినాడు. ఇన్ఫెక్షన్ అని వారం రోజులు అడ్మిట్ చేశారు. ఆ వారంలోనే, డ్రెస్సింగ్ చేస్తుండగా వేలి కొన ఊడిపోయింది. నేను చూడలేదు.

తర్వాత మెల్లగా మిగతా పుండ్లు మానాయి. సెల్స్ వల్లనేనా అని అడిగితే డాక్టరమ్మ, "మాత్రలు కూడా మార్చాం కదా. ట్రయల్ పూర్తయ్యేదాకా నేనూ చెప్పలేను," అన్నారు.

ఇప్పుడు మిషన్ తొక్కడం లేదు. అదే యూనిట్‌లో కుట్లు చెక్ చేస్తున్నాను. చలికాలంలో కళ్లు తెరవగానే వేళ్ల రంగు చూసుకుంటాను. ఆ భయం పోలేదు.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని ఎవరైనా చెబితే, ఇది చికిత్సా, ట్రయలా అని ముఖం మీదే అడగండి. వాళ్లు మాట దాటేస్తే సంతకం పెట్టకుండా లేచి రండి.