మొదటి చేప గంగమ్మది

మా ఫ్రిజ్‌లో వెన్న పెట్టుకునే అరలో వానపాముల డబ్బా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో దీని మీద పెద్ద యుద్ధమే చేశాను. ఓడిపోయాను. మా ఆయనకు వారమంతా లైప్‌జిగ్ ఆఫీసులో మీటింగులు, ఆదివారం వస్తే చెరువు. ఊరికి దక్షిణంగా ఒకప్పుడు బొగ్గు తవ్విన గోతుల్లో నీళ్ళు నింపి చెరువులు చేశారు. వాటి ఒడ్డున మడత కుర్చీ వేసుకుని బార్ష్ కోసం కాచుకు కూర్చుంటాడు. ఒంటి మీద నల్ల చారలు, ఎర్రటి రెక్కలు, వీపు మీద ముళ్ళు ఉండే చేప అది. నేనూ, ఏడేళ్ళ మా అమ్మాయీ పులిహోర డబ్బా పట్టుకుని వెనకాలే వెళ్తాం. చేప పడితే ఆ రాత్రి పులుసు. పడకపోతే ఇంటికొచ్చేదాకా ఆయన ముఖం చూడలేం.

ఇక్కడ గాలం వెయ్యాలంటే షైన్ ఉండాలి, అంటే లైసెన్సు. దానికి ముప్పై గంటల క్లాసులు, ఆ పైన పరీక్ష. అది పాసైనప్పుడు మా ఆయన ఇక్కడ ఉద్యోగానికి బ్లూ కార్డు పర్మిట్ వచ్చిన రోజు కంటే ఎక్కువ పొంగిపోయాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే కథ. "చిన్నప్పుడు కాలవలో గాలం వేశానని మా అమ్మ వీపు విమానం మోత మోగించింది. కర్ర కూడా విరిచి పారేసింది. అందుకే జర్మనీ వచ్చి గవర్నమెంటు స్టాంపుతో పడుతున్నా." అందరూ నవ్వేవాళ్ళు, నేను కూడా.

అందుకే మా అత్తయ్య మూడు నెలల వీసా మీద వస్తున్నారని తెలియగానే ఆ కర్రలన్నీ కింద కెల్లర్‌లో, అదే నేలమాళిగలో, పడెయ్యమని చెప్పాను. ఆయన వినలేదు. గుమ్మం పక్కనే వరసగా నిలబెట్టి ఉంచాడు.

అత్తయ్య వచ్చిన మొదటి రోజే వాటిని చూశారు. చూసి ముఖం తిప్పుకున్నారు. ప్రతి ఆదివారం ఉదయం ఆయన సంచి సర్దుకుంటుంటే ఒకసారి కర్రల వైపు చూడటం, గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోవడం. కొడుకు ఇల్లు పట్టించుకోకుండా చెరువుల వెంట తిరుగుతున్నాడని, నేను అడ్డు చెప్పట్లేదని ఆవిడకు కోపం అనుకున్నాను. ఆవిడ నోరు తెరిచి అంటే ఏం జవాబు చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నేను కాస్త ముక్కుమీద కోపం మనిషిని. జవాబులు ముందే వండి పెట్టుకుంటాను.

ఒకరోజు ఫ్రిజ్ తీసి ఆ డబ్బా మూత తెరిచారు. కేక పెడతారని గుండె చిక్కబట్టుకున్నాను. ఆవిడ వేలితో కదిపి చూసి, "ఇయ్యి ఎండిపోతన్నాయమ్మాయ్. కాస్త తడి చల్లు," అన్నారు. వెటకారం చేస్తున్నారనుకున్నాను. బుర్రున్న మనిషి ఎవరైనా అప్పుడే కనిపెట్టేది.

తొమ్మిదో ఆదివారం ఆవిడ కూడా చెరువుకు వచ్చారు. మా ఆయన నీళ్ళ సీసా కోసం కారు దగ్గరికి వెళ్తూ కర్రను స్టాండుకు ఆనించి వెళ్ళాడు. నీళ్ళ మీద తేలుతున్న బెండు మునిగింది. అత్తయ్య కుర్చీలోంచి ఎలా లేచారో నేను చూడలేదు, చూసేసరికి ఆవిడ చెయ్యి కర్ర మీదకు వెళ్ళింది. అప్పుడే మా అమ్మాయి అడ్డం వచ్చింది.

"నానమ్మా, నైన్! నీకు షైన్ లేదు. దాస్ దార్ఫ్ మన్ నిష్ట్."

ఈ దేశంలో పుట్టిన పిల్లలకు రూల్సంటే ప్రాణం. అలా చెయ్యకూడదు అంటోందని అత్తయ్యకు మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. పొయ్యి తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కొంగులో దాచుకుని కూర్చున్నారు. ఎవరూ కొట్టని దెబ్బకు ముడుచుకుపోయినట్టుంది ఆ చెయ్యి. అది కోపం ఉన్న మనిషి చెయ్యి కాదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆవిడ బార్ష్ పొలుసు తీస్తున్నారు. ఈ చేప పొలుసు మొండిది, వీపు ముళ్ళు చేతిని చీరేస్తాయి. నేను ఎప్పుడు తీసినా ప్లాస్టర్ వేసుకోవాల్సిందే. ఆవిడ వేళ్ళు మాత్రం ఆ ముళ్ళ మధ్య ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి.

"అత్తయ్యా, మీరు గాలం వేసేవారా?" అని అడిగేశాను.

ఆవిడ చేప మీంచి కళ్ళు ఎత్తలేదు. "మా నాన్నతో వెళ్ళేదాన్ని. కోతలైపోయాక కాలవ గట్టున కూకునేవోళ్ళం. కొరమేను, జెల్ల, ఏది తగిలితే అది. మొదట పడ్డది మాత్రం తిరిగి నీళ్ళలో వదిలేసేవోడు. మొదటి చేప గంగమ్మదనేవోడు. తర్వాతవే మనవి."

"మరి పెళ్ళయ్యాక?"

"అత్తారింటి వెనకే కాలవమ్మా." చెయ్యి కడుక్కున్నారు. "కాపరానికెళ్ళిన వారానికి వెదురు కర్ర ఒకటి కోసుకుని రేవు మెట్ల మీద కూకున్నాను. మా అత్తగారొచ్చి ఏం అనలేదు. చేతిలో కర్ర తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. ఆ పూట అన్నం ఆ కర్ర మీదే ఉడికింది."

నలభై ఆరేళ్ళు ఆవిడ ఆ వంటింట్లో నిలబడి, వెనక కాలవలో చేపలు ఎగిరే చప్పుడు వింటూ అన్నం వార్చారన్నమాట. నేను ముందే వండి పెట్టుకున్న జవాబులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"వెళ్ళిపోయేలోగా ఒక్కసారి పట్టుకోవాలనుంది," అన్నారు. తర్వాత భయంగా, "వాడికి చెప్పకు. నేను పట్టేదాన్నని వాడికి తెలియకూడదు," అన్నారు. ఎందుకని అడిగితే చేప ముక్కలకు ఉప్పు పట్టించడం మొదలుపెట్టారు.

అప్పటికి ఆవిడ టికెట్టుకు మూడు వారాలుంది. పరీక్ష జర్మన్‌లో రాయాలి, ఆవిడ వల్ల అయ్యే పని కాదు. వెతగ్గా వెతగ్గా తేలింది: ఉత్తరాన సరస్సులు ఎక్కువున్న రాష్ట్రంలో టూరిస్టులకు పరీక్ష లేకుండానే ఇరవై ఎనిమిది రోజుల షైన్ ఇస్తారు. ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన్ని నువ్వనే అంటాను, అత్తయ్య ముందు మీరు. ఆ రోజు అత్తయ్య పక్కనే ఉన్నారు కాబట్టి చాలా మర్యాదగా చెప్పాను. "మీరు సెలవు పెట్టండి. అత్తయ్యకు ఆ సరస్సులు చూపిద్దాం. ఊరికే చూడటం ఎందుకు, ఒక షైన్ కూడా తీసుకుందాం."

"అమ్మకా? గాలమా?" అని పగలబడి నవ్వాడు. "నేను ముప్పై గంటలు క్లాసులో కూర్చుంటే గానీ ఇవ్వలేదు, ఊరికే ఇచ్చేస్తారా?" అంటూ అదో అన్యాయంలా మాట్లాడాడు. నా చూపు చూసి ఆగిపోయి సెలవు పెట్టాడు.

ఆ ఊరి ఆఫీసులో కౌంటర్ దగ్గర అత్తయ్య తెలుగులో సంతకం పెట్టారు. కాగితంతో పాటు రూల్స్ పుస్తకం ఇచ్చారు. కారులో వెనక సీట్లో మా అమ్మాయి దాన్ని జర్మన్‌లో చదువుతూ, వచ్చీరాని తెలుగులో నానమ్మకు పాఠం చెప్పింది. "నానమ్మా, చిన్న ఫిష్ అయితే వదిలెయ్యాలి. పెద్దది అయితే వదలకూడదు. తినాలి." అత్తయ్య బుద్ధిగా తలాడించారు.

మర్నాడు ఉదయం నీళ్ళ మీదకు వేసిన చెక్క వంతెన చివర కూర్చున్నాం. సెప్టెంబరు, గాలి లేదు. మా ఆయన తన ఖరీదైన కర్ర అందించబోతే అత్తయ్య వద్దన్నారు. చక్రం, దారం చుట్టే హంగులు ఏవీ లేని పొడవాటి కర్ర ఒకటి ఉంది, అమ్మాయి కోసం కొన్నది. దాన్ని తీసుకున్నారు. వానపామును గాలం ముల్లుకు ఎక్కించిన తీరు చూసి మా ఆయన తన కర్ర పక్కన పెట్టేసి దగ్గరికి జరిగాడు.

చాలాసేపటికి బెండు కదిలింది.

"లాగమ్మా, లాగు!"

"ఉండరా. ఇంకా రుచి చూత్తంది."

బెండు మళ్ళీ కదిలింది, పక్కకు నడిచింది, మునిగింది. అప్పుడు మణికట్టు ఒక్కసారి తిప్పారు, అంతే. బార్ష్ గాల్లోకి లేచి వంతెన మీద పడింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అత్తయ్య ముందు చెయ్యి నీళ్ళలో తడుపుకుని, తర్వాత చేపను పట్టుకున్నారు. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను అదివరకు చూడలేదు. అమ్మాయి కొలబద్ద తెచ్చింది. కొలిస్తే ఉండాల్సిన దానికంటే బాగా పెద్దదే.

"మొదటిది గంగమ్మకి," అన్నారు అత్తయ్య.

మా ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఓపిగ్గా వివరించాడు. ఇక్కడ కొలతకు సరిపోయిన చేపను వదిలేస్తే తప్పు. సరదా కోసం చేపను బాధపెట్టినట్టు లెక్క. పట్టింది తినాల్సిందే. ముందు తల మీద కొట్టి స్పృహ తప్పించాలి, ఆ తర్వాత కత్తి. ముప్పై గంటల క్లాసు మొత్తం చెప్పాడు. ఆవిడ ఒక్క మాట వదలకుండా విన్నారు.

"అలాగా," అని, ముల్లు మెల్లగా తీసి, చేపను కడగడానికన్నట్టు నీళ్ళ మీదకు వంగారు. తోక ఒక్కసారి కొట్టుకుంది.

"అయ్యో. చెయ్యి జారిందిరా."

మా వంటింట్లో ఆ ముళ్ళ మధ్య గీత కూడా పడకుండా తిరిగిన చెయ్యి అది. అమ్మాయి అనుమానంగా వాళ్ళ నాన్న వైపు చూసింది. "డాడీ, ఇది ఓకేనా?"

ఆయన నీళ్ళలో వలయాలు సర్దుకునేదాకా చూశాడు. "చెయ్యి జారితే రూల్ ఏం లేదమ్మా," అన్నాడు.

తర్వాత వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా నాన్న దగ్గర."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

అత్తయ్య కర్రను వంతెన మీద పడుకోబెట్టారు. ఈ ప్రశ్నకే ఆవిడ ఇన్నాళ్ళూ భయపడ్డారని నాకు అప్పుడు అర్థమైంది.

"నీ ఆరో ఏట గాలం పట్టావని కొట్టాను. గుర్తుందా?"

"గుర్తుండకేం. నానమ్మ తిడుతుందని కొట్టావుగా."

"మీ నానమ్మ ఆ రోజు ఊళ్ళో లేదురా." బెండు లేని నీళ్ళ వైపే చూస్తూ అన్నారు. "నీ చేతిలో కర్ర చూసి ఓర్చుకోలేకపోయాను. నాకు లేంది నీ దగ్గరుందని. కన్నబిడ్డ మీద అసూయ పడ్డాను. విరిచేశాను. ఎవరితో చెప్పుకోను?"

నాకు కళ్ళు నిండిపోయాయి. ఆ కథకు ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందిమి నవ్వామో. మా ఆయన తల వంచుకుని ఉన్నాడు. ఏదో ఒకటి అను, అని లోపల్లోపల ఆయన్ని తిట్టుకున్నాను. కాసేపటికి తన ఖరీదైన కర్ర తెచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టాడు. నన్ను కూడా ముట్టుకోనివ్వని కర్ర అది.

"ఇప్పుడు నేర్పు," అన్నాడు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. దారం కొస దాకా వేళ్ళతో తడిమి, ముల్లు దగ్గర ఆగి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ముందు ఈ ముడి విప్పు. తప్పు కట్టావు."

పరీక్ష పాసైన మా ఆయన కిక్కురుమనకుండా ముడి విప్పడం మొదలుపెట్టాడు.