కొర్రకంకి అంచు, ముప్పై ఒకటో వరుస

మా జేజినాయన, అంటే నాన్నవాళ్ల నాన్న, నేసిన అంచుల లెక్కలన్నీ ఒకే టెక్స్ట్ ఫైలులో ఉన్నాయి. తెరిస్తే పంతొమ్మిది శీర్షికలు కనిపిస్తాయి: కొర్రకంకి, కోటకొమ్మ, నెమలికన్ను, పోకమొగ్గ, ఇలా. ఒక్కో శీర్షిక కింద అర్థంకాని అక్షరాల ముద్ద. పాస్‌వర్డ్ కొడితే ముద్ద విడిపోయి, ఏ వరుసలో ఏ పోగులు లేపాలో, ఏవి వదలాలో చూపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ తెలిసింది నాకూ మా మేనత్తకే.

ఈ ఏర్పాటు ఆయనదే. నేను కర్నూలులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలవు దొరికితే మైదుకూరు మీదుగా బస్సెక్కి ఊరికి వెళ్లేవాడిని. అప్పటికే ఆయన చూపు బాగా తగ్గింది. మా ఇళ్లలో మగ్గం మీద కూర్చునేది అత్త ఒక్కతే. నేసిన చీరలన్నీ అమ్ముడుపోయాయి, కాగితం మీద ఒక్క అంచూ లేదు. రాసిపెడతానంటే రెండు రోజులు ఆలోచించి షరతు పెట్టాడు.

"పేర్లు అందరికీ కనపడనీ. నా నలుగురు బిడ్డల్లో ఎవురూ మాకు తెలీకుండా దాచినాడు అనగూడదు. లెక్క మాత్రం మగ్గమెక్కేటోళ్లకే. బయటికి పోయిందంటే వారం తిరక్కుండా మరమగ్గం మీద పడతాది."

"మొత్తానికి ఒకే తాళం వేస్తే సులువు జేజినాయనా."

"చీర కోసినంక పోగుల కొసలు అచ్చులో ఇడుస్తామా లేదా? దువ్వెన పండ్ల మాదిరి అచ్చు వాటిని పట్టుకోనుంటేనే గదా, కొత్త పడుగు వరస తప్పకుండా అతికేది. అట్ల పేర్లు ఇడువప్పా."

ఆయన మంచం మీద పడుకొని చెప్పేవాడు. "రెండు లేపు, మూడు ఇడువు, ఒకటి లేపు." లేపిన పోగుకు నక్షత్రం గుర్తు, వదిలిన పోగుకు చుక్క, చదవడానికి తేలికగా ఉండాలని గుర్తుకూ గుర్తుకూ మధ్య ఖాళీ, ప్రతి వరుస ముందు దాని నంబరు. పద్దెనిమిది అంచులు అలాగే రాశాను. చివరిది కొర్రకంకి, అన్నిట్లోకీ కష్టమైనది, నలభై ఎనిమిది వరుసలు. బస్సుకు వేళవుతోందని దానికి నంబర్లు వేయలేదు.

నా నోట్సులో నక్షత్రం, దాని తర్వాత ఖాళీతో మొదలయ్యే లైను ఏదైనా శీర్షికే. ఆ నియమం నేను పెట్టుకున్నదే, అయినా తట్టలేదు. కర్నూలు చేరాక, శీర్షికలను అకారాది క్రమంలో పేర్చి ఒక్కోదాని కింది భాగానికి తాళం వేసే చిన్న ప్రోగ్రాం నడిపాను. తాళం లేని కాపీ ఎక్కడా ఉండకూడదని ఆయన అన్నాడు కాబట్టి పాతదాన్ని చెరిపేశాను. ఫైలును మా ఇళ్లలో అందరికీ పంపాను.

మరుసటి రోజు అత్త ఫోను.

"ఏం అల్లుడా, పేర్లు మాత్రమే కనపడతాయంటివే, ఈడ మొదట్లో అన్నీ నచ్చత్రాలే ఉండాయి. కొర్రకంకి కింద ఏమీ లేదే?"

ముందు నంబరు లేకపోవడంతో, నక్షత్రంతో మొదలైన వరుసలన్నీ శీర్షికలైపోయాయి. తాళం పడకుండా బయట ఉండిపోవడమే కాక, చోటు మారి ఫైలు మొదట్లో గుంపుగా చేరాయి. నలభై ఎనిమిది వరుసలూ ఉన్నాయి. ఏది దేని తర్వాతో చెప్పేది మాత్రం లేదు.

ఆ శనివారమే వెళ్లి జరిగింది చెప్పాను.

"కొసలు ఇడవమంటే చీరే ఇప్పదీసినావు" అని నవ్వాడు. మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. ముప్పై వరుసల దాకా వచ్చి ఆగాడు. మొదటినుంచి చెప్పినా అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే. నవ్వు పోయింది.

"మంచం మీద రాదు. నన్ను మగ్గం కాడికి తీస్కపోండి."

అత్త మగ్గం దిగింది. ఆయన్ని కూర్చోబెట్టి కాళ్లు మగ్గం కింది గుంతలోకి దించాం. పాదాలు వాటంతటవే తొక్కుడు చెక్కలను వెతుక్కున్నాయి. ఒక తొక్కు, నోట ఒక వరుస. ముప్పై ఒకటో వరుస ఆగకుండా వచ్చింది, దాని వెనకే మిగతావన్నీ. నేను నేల మీద కూర్చుని, ఈసారి నంబర్లతో పాటు ప్రతి లైను ముందు ఒక కామా కూడా పెడుతూ టైపు చేశాను. కామా ఉంటే ఆ లైను శీర్షిక కాదు.

"నాయనా, ఇంగ దిగుతావా? నా చీర ఆగిపోయుండాది" అంది అత్త.

"ఉండు మే. శానా దినాలాయ గదా" అన్నాడు. ఊరికే తొక్కుతూ ఇంకాసేపు కూర్చున్నాడు.

ఆయన పోయిన ఏడాదికి అత్త కొర్రకంకి ఎత్తుకుంది. నేను వరుసలు చదువుతున్నాను. ముప్పై ఒకటి దగ్గర చెయ్యి ఆపింది.

"కంకి ఈడ వొంగుతాంది సూడు. నా చిన్నప్పుడు నిట్టంగా ఉన్నట్టు గుర్తు."

చెదిరిన పాత వరుసలను నేను పారేయలేదు. కొత్తవాటితో ఒక్కొక్కటిగా జతచేసి చూశాను. జత కుదరక మిగిలింది ఒకే ఒక్కటి. మంచం మీద మొదటిసారి చెప్పిన ముప్పై ఒకటి అదే అయ్యుండాలి.

"పాతది పెడదామా అత్తా?"

"వొద్దు. అది తలకాయతో జెప్పినాడు, ఇది కాళ్లతో జెప్పినాడు. ఇదే నేస్తా."

చీర కోసిన రోజు కొసలు అచ్చులో వదిలింది. నేను ఆ మిగిలిన ఒక్క వరుసను కూడా, ముందు కామా పెట్టి, కొర్రకంకి కిందే చేర్చి తాళం వేశాను.