మా బావ మడత కెమెరా

మొన్న తిరుచానూరులో మా మనవరాలి అన్నప్రాశన నాడు మా చిన్నల్లుడు అందరినీ వరసగా నిలబెట్టి, సెల్‌ఫోనును చెంబుకు ఆనించి, ఏదో నొక్కి, తానూ ఫోటోలో పడాలని పరుగెత్తుకొస్తూ చాప కాలికి తగిలి బోర్లా పడ్డాడు. అందరమూ పగలబడి నవ్వాము. ఆ ఫోటో బాగాలేదని చెరిపేసి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ తీశారు. రెండోసారి నాకు నవ్వు రాలేదు. మోకాళ్ల నొప్పి అని చెప్పి వచ్చి కూర్చున్నాను. నొప్పి అబద్ధం కాదు గానీ, వరసలోంచి పక్కకు వచ్చింది అందుకు కాదు, మా అక్క గుర్తుకొచ్చి.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారేమో, తిరుమల ఘాట్ రోడ్డు బస్సులో కండక్టరుగా పనిచేసుకునే నాకు తొంభైల్లో జర్మనీ మడత కెమెరాల పిచ్చి పట్టింది. మీలో కొందరైనా చూసే ఉంటారు. మూసి ఉంటే అరచేతి డబ్బా, మీట నొక్కితే మూత తెరుచుకుని, నల్లటి తోలు తిత్తి హార్మోనియంలాగా సాగి, దాని కొసన లెన్సు ముందుకొస్తుంది. గుండు చేయించుకున్న భక్తులకు ఫోటోలు తీసే ఒక స్టూడియో మూతపడుతుంటే దాని యజమాని మూలన పడున్న ఒకదాన్ని నా చేతిలో పెట్టాడు. అంతే, అది మొదలు సెలవు దొరికితే చిత్తూరు పాత స్టూడియోలు, మద్రాసు పేవ్‌మెంట్లు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు డ్రెస్డెన్, స్టుట్‌గార్ట్ ఊళ్లలో తయారైనవేవో, ఆ దేశం రెండు ముక్కలయ్యాక ఏ పక్క తయారైనవేవో, జపాన్ సరుకు ముందు నిలవలేక మాయమయ్యే ముందు వచ్చినవేవో లెన్సు చుట్టూ అక్షరాలు చూసి చెప్పేవాణ్ణి. ఇన్ని కెమెరాలుండాయి, మన గోడకు ఒక్క ఫోటో ఉండాదా అని ఇంటావిడ దెప్పేది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఎన్ని పోగేసినా నా మనసంతా వడమాలపేట దగ్గర మా అక్కవాళ్ల ఇంట్లో ఉన్న ఒకే ఒక్కదాని మీద ఉండేది. మామిడికాయల లారీతో మద్రాసు పోయినప్పుడు మా బావ కొనుక్కొచ్చుకున్నది. ఊళ్లో ఆయన ఫోటో తీయని మనిషి లేడు, కానీ తిత్తి చిరుగుతుందని దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాడు. నాకు ఈ పిచ్చి పట్టకముందే పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు మా బావ. పెళ్లినాటి ఫోటోలు అప్పటికే చెదలు తినేసి ఉండడంతో, అందరికీ ఫోటోలు తీసిన మనిషికి ఒక్క పటమూ మిగల్లేదు.

అందుకని తిథి నాడు అక్క ఆ కెమెరాకే బొట్టు పెట్టి పీట మీద పెట్టేది. అంతవరకూ అందరికీ అర్థమయ్యేదే. దాని పక్కన తన ఫోటోనే పెట్టుకునేది, అదే ఎవరికీ మింగుడు పడేది కాదు. వయసులో ఉన్నప్పటిది, పశువుల నీళ్లతొట్టి దగ్గర నిలబడి, పక్కకు తిరిగి పకపకా నవ్వుతున్న ఫోటో. దాని కింద మూలన ఒక పువ్వు. బతికున్న మనిషి పటానికి పువ్వు పెట్టడమేమిటని మా అమ్మ పోట్లాడి పోట్లాడి, చివరికి విసిగి ఊరుకుంది.

ప్రతి ఏడూ తిథి భోజనం కాగానే నేను కెమెరా అడిగేవాణ్ణి. అక్క అవుననేది కాదు, కాదనేది కాదు, ఇంకో వడ వేసేది. ఒక ఏడు ఎందుకో, చూసి ఈడనే పెట్టు అని చేతికిచ్చింది. తెరిచాను. తిత్తి చెక్కుచెదరలేదు. లెన్సు పక్కన చిన్న మీట ఉంది. నా విద్యంతా ప్రదర్శిస్తూ అక్కకు చెప్పాను, ఈ మీట తిప్పి నొక్కితే తీసేవాడు కూడా పోయి ఫోటోలో నిలబడే వ్యవధి ఉంటుందని, పాపం బావకు ఈ సంగతి తెలిసినట్టు లేదని, తెలిసుంటే మనకు ఒక్క పటమైనా మిగిలేదని.

అక్క పీట మీది తన ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"తెలీకేమిరా," అంది. "ఒకసారి అది నొక్కి నా పక్కన నిలబడాలని పరిగెత్తుకోనొచ్చినాడు. తొట్టి కాడ బురదలో జారి పడినాడు. నేను నవ్వినాను. ఆ నవ్వే ఇది."

ఫోటో తీసుకుని వాకిట్లో వెలుతురుకు వచ్చింది. కింద మూలన తెల్లగా ఏదో అలికినట్టు ఉంటుంది. రీలు లోపమని ఇన్నేళ్లూ అనుకున్నాను.

"ఇది మీ బావ పంచె. నేను పువ్వు పెట్టేది నాకు కాదురా. ఈడ సూడు."

అది రీలులో ఆఖరిది, ఇంకో రీలు తెచ్చి మళ్లీ తీసుకుందామని బావ అన్నాడట. ఆ రీలు కొనేలోగానే మోటారు దగ్గర అలా జరిగిపోయింది. సంచిలో రీలు ఉంటే ఎక్కించి, అక్కను తొట్టి దగ్గర నిలబెట్టి, కెమెరాను రోలు మీద పెట్టి ఆ మీట నొక్కాను. జుయ్యిమని తిరగడం మొదలుపెట్టింది. నేను పోయి పక్కన నిలబడాలి. పోలేదు, రోలు పక్కనే ఉండిపోయాను. ఎవరూ చెప్పకుండానే అక్క పక్కకు తిరిగి, తొట్టి అవతల బురదలోకి చూసింది. టక్కుమంది. ఆ ఫోటోలో నవ్వు లేదు.

అక్క పోయాక మేనల్లుడు ఆ కెమెరాను తనే తెచ్చి ఇచ్చాడు. అడిగినన్నాళ్లూ రాలేదు, అడగడం మానుకున్నాక వచ్చింది. అల్మారాలో మిగతావాటి లెన్సులకు బూజు పట్టింది, రీళ్లు దొరకవు, బాగుచేసేవాళ్లు లేరు, తుడిచే ఓపిక నాకూ లేదు. దీన్ని వాటితో కలపలేదు. బొట్టు చెరపలేదు.

మన కాలంలో రీలుకు పన్నెండు ఫోటోలు. పడిందీ నవ్విందీ అన్నీ అందులోనే ఉండిపోయేవి, బాగాలేదని చెరపడానికి వీలుండేది కాదు. నిన్న చిన్నల్లుడు ఇంటికి వస్తే, వాడు పడ్డప్పటి ఫోటో ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడమన్నాను. ఎందుకు మామా, మంచిది ఉండాది కదా అని చూపించాడు. మంచిదే. అందరూ వరసగా, తిన్నగా నిలబడి ఉన్నారు. ఎవరూ పక్కకు చూడడం లేదు.