అమ్మ కడుపు మీద నా అరచెయ్యి

నా చిన్నప్పుడు ఒక వేసవంతా నాంపల్లి స్టేషన్ వెనక మేం కిరాయికున్న ఒంటి గదిలో, అమ్మ మంచం పక్కన కూర్చునే గడిపాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గదికి ఒకటే కిటికీ, తెరిస్తే ఎదురింటి గోడ. రైళ్లు వచ్చిపోవడం వినిపించేదే గానీ ఒక్కటీ కనిపించేది కాదు.

అంతకు రెండేళ్ల ముందు అమ్మకు ఏడో నెలలోనే కాన్పయింది. పుట్టిన చెల్లి ఒక్క రోజు కూడా బతకలేదు. అమ్మ మళ్లీ కడుపుతో ఉందని తెలిసి పక్కింటి అక్క ఊరుకోలేదు. ఆవిడ దవాఖానలో నర్సు. ఒకసారి నెలలు నిండకుండా కాన్పయినవాళ్లకు మళ్లీ అలాగే అయ్యే ప్రమాదం ఎక్కువని, ముందుగా కనిపెడితే ఏదో ఒకటి చెయ్యొచ్చని అమ్మకు నచ్చజెప్పింది. అప్పట్లో డాక్టర్లు చెప్పేదొకటే, మంచం దిగొద్దని. నాన్న అబిడ్స్‌లో బట్టల దుకాణానికి పొద్దున్నే వెళ్లిపోయేవాడు. నీళ్లు మోయడం నానమ్మ వంతయింది, కాపలా నా వంతయింది.

అక్క నా చెయ్యి పట్టుకుని ముందు నా చెంపకు, తర్వాత నా నుదుటికి ఆనించింది. ఆ పైన అమ్మ కడుపు మీద పెట్టింది. చెంపలా మెత్తగా ఉంటే భయం లేదు. నుదురులా గట్టిపడి మళ్లీ వదులైతే పలక మీద ఒక గీత. గంటలో నాలుగు గీతలు పడితే, నొప్పి లేకపోయినా తనను పిలవాలంది.

మూడో రోజే నాలుగు పడ్డాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అక్కను తలుపు బాది లేపాను. ఆవిడ వచ్చి చూసి, అమ్మ చేత నీళ్లు తాగించింది. కాసేపటికి అంతా సర్దుకుంది. అలసిపోయిన పిల్లను ఉత్తపుణ్యానికి లేపానని నానమ్మ నన్ను తిట్టింది. నేను తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత గది ఇంకా ఇరుకైపోయింది. పలకను చూస్తే భయం, అమ్మ పక్కకు తిరిగితే భయం. బయట పిల్లలు ఆడుకుంటుంటే అమ్మ నా వైపు చూసి, "మనిద్దరికీ జైలైంది బిడ్డా" అనేది.

ఎనిమిదో నెల పడిన కొత్తలో, ఒక మధ్యాహ్నం మళ్లీ నాలుగు గీతలయ్యాయి. నొప్పి లేదు గానీ నడుం లాగుతోందంది అమ్మ. నేను లేవబోతే, "వద్దులే, మళ్ల ఉత్తదే అయితది" అంది. ఆగిపోయాను. నానమ్మ వీధి నల్లా దగ్గరికి పోయి ఇంకా రాలేదు. రెండుసార్లు గడప దాకా వెళ్లి వెనక్కొచ్చాను. తొమ్మిదో గీత పడ్డాక ఇక కూర్చోలేక, పలకతో సహా వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను.

ఎప్పటినుంచని అడిగింది అక్క. ఇప్పుడేనన్న అబద్ధం నోటిదాకా వచ్చింది. "గంటన్నరయింది అక్కా. ఉత్తదైతదేమోనని రాలే" అని ఏడ్చేశాను.

ఆవిడ తిట్టలేదు. అమ్మను రిక్షా ఎక్కించి, తానూ ఎక్కబోతూ నా దగ్గర వంగింది. "పదిసార్లు ఉత్తగనే లేపు బిడ్డా, నాకేం కాదు. ఒక్కసారి లేపకపోతే, గదే నా ఫికర్. నిజం చెప్పినవ్, మంచిగ చేసినవ్."

దవాఖానలో మందు ఎక్కించాక నొప్పులు పన్నెండు రోజులు ఆగాయి. తమ్ముడు పిడికెడంత పుట్టాడు. నెల రోజులు అక్కడే ఉండి, అమ్మ ఒళ్లో ఇంటికొచ్చాడు. వాడికిప్పుడు నెరిసిన మీసాలు.

మొన్న మా కోడలికి స్కాన్ చేసి, గర్భసంచి మూతి పొట్టిగా ఉందని, కాన్పు ముందే అయ్యే ప్రమాదం ఉందని చెప్పారు. మందులు మొదలుపెట్టారు. ఏ చిన్న తేడా అనిపించినా నాకు ఫోన్ చేస్తుంది. "ఏం లేదేమో అత్తమ్మా, ఊకనే మిమ్మల్ని పరేషాన్ చేస్తున్నా" అని మొదలుపెడుతుంది. ఆ మాట పూర్తయ్యేలోపే నేను చెప్పుల్లో కాళ్లు పెడతాను. ఇప్పటికి నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్లి, ఏమీ లేదనిపించుకుని తిరిగొచ్చాం. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ఆమె సిగ్గుపడకుండా చూసుకోవడమే నా పని.