నా లారీ కోసం సంఘ ప్రార్థన

పుట్టినరోజు వచ్చిన వారం, ఆదివారం ఆరాధనలో ముందుకెళ్లి నిలబడటం మా పటమట చర్చిలో ఆనవాయితీ. కృతజ్ఞత కానుక పెట్టెలో వేశాక పాస్టరు అయ్యగారు మైకు మన మూతి దగ్గర పెట్టి, "ప్రార్థన మనవి ఏంటి బాబూ?" అని అడుగుతారు. మనం చెబుతాం. సంఘమంతా కళ్లు మూసుకుని దాని కోసం ప్రార్థిస్తుంది. పిల్లలైతే మంచి మార్కులు. డిగ్రీ అయిన కుర్రాళ్లయితే మంచి ఉద్యోగం. నేనూ ఏటా అదే చెప్పేవాణ్ణి.

నిజానికి నాకు ఉద్యోగం లేకపోలేదు. ఆటోనగర్‌లో మా మేనమామకు లారీ విడిభాగాల షాపుంది. కౌంటర్లో నేను. క్లచ్ ప్లేట్లు, బేరింగులు, స్టీరింగు రాడ్లు అమ్మేవాణ్ణి. లారీలో ఉండే ప్రతి ముక్కా నా చేతుల మీదుగా పోయింది, లారీ తప్ప. సాయంత్రాలు అందరిలాగే నేనూ కంప్యూటర్ కోర్సుకు వెళ్లేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అది జలుబులాంటిది, ఇంటికొకరికి ఉండేది.

చిన్నప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే లారీ డ్రైవర్నవుతానని చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నవ్వుతున్నారు కదా అని దాన్నో జోకులా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పగా చెప్పగా అది జోకేనని అందరికంటే ముందు నమ్మినవాణ్ణి నేనే.

ఒక ఏడాది అలాగే మైకు ముందు నిలబడ్డాను. 'మంచి ఉద్యోగం' అనబోతే ఎందుకో అది వేరేవాళ్ల మనవిలా అనిపించింది. నోరు దాని దారిన అది పోయింది.

"లారీ నడపాలని ఉందండీ."

నవ్వులొస్తాయనుకున్నాను. చర్చిలో మైకు పట్టుకున్నవాడు ఏం చెప్పినా ఎవరూ నవ్వరని అప్పుడే తెలిసింది.

"లారీ కొనాలనా బాబూ?" అన్నారు అయ్యగారు.

"కాదండీ. నడపాలని."

"ఉద్యోగంగానా?"

"అదీ తెలీదండీ. ఊరికే నడపాలని."

ఆయన సంఘం వైపు తిరిగి, "ప్రార్థిద్దాం," అన్నారు. టైర్ల కోసం, బ్రేకుల కోసం, కాపలా లేని రైల్వే గేట్ల కోసం చాలాసేపు ప్రార్థించారు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమేన్లు గట్టిగా వినపడ్డాయి. వాటిలో మా అమ్మ గొంతు లేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "బ్యాంకు పరీక్ష అని ఏడవలేకపోయావా?"

"నోరు జారిందమ్మా."

"అంతమంది మోకాళ్లేశాక నోరు జారిందంటే ఎట్లారా? ఇప్పుడెవరు వెనక్కి తీసుకుంటారు?"

ఎవరూ తీసుకోలేదు. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర నన్ను ఆపి లారీ ఏమైందని అడిగేవారు. ముందు వరసలో కూర్చునే ఒక మామ్మగారైతే, "నీ లారీ కోసం శుక్రవారం ఉపవాసం ఉన్నాను నాయనా," అన్నారు. దాని కోసం నేను ఒక్క పూట ఇడ్లీ కూడా మానలేదు.

తప్పించుకుందామని జోకు వేశాను. "విమానమే అడుగుదామనుకున్నానండీ మామ్మగారూ. మన చర్చి ముందు ఆపుకోడానికి చోటు లేదు కదాని తగ్గాను."

ఆవిడ నవ్వలేదు. "ఎగతాళి తర్వాత. కావాలా, వద్దా?"

వేసుకోబోతున్న చెప్పులు మళ్లీ కింద పెట్టాను.

"కావాలండీ," అన్నాను. చివర జోకు లేకుండా నా మాట నాకే వింతగా వినిపించింది, చొక్కా మర్చిపోయి వీధిలోకొచ్చినట్టు.

ఆవిడ తమ్ముడు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లారీ తోలేవాడు. మామ్మగారి ఉపవాసానికి భయపడో ఏమో, నన్ను చేర్చుకున్నాడు. ముందు కారు లైసెన్సు తెచ్చుకోమన్నాడు, అదుంటేనే తర్వాత లారీకి హెవీ లైసెన్సు ఇస్తారట. తెచ్చుకున్నాను. ఖాళీ మైదానంలో గేర్లు నేర్పాడు. చెరుకు సీజను మొదలయ్యాక ఒక రోజు ఫ్యాక్టరీ ఆవరణలో, చెరుకు దించడానికి ఆగిన లారీల లైనులో నన్ను సీట్లో కూర్చోబెట్టాడు.

"లైను కదిల్తే కదుపు. కదలకపోతే కూర్చో," అని పక్కకి ఒరిగి నిద్రపోయాడు.

నా కల నెరవేరుతున్న వేగాన్ని బట్టి చూస్తే అది పూర్తయ్యేలోపు పిల్లలు పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకోవచ్చు. ఒక లారీ పొడుగు జరగడం, ఆగడం. క్లచ్ తొందరగా వదిలి రెండుసార్లు ఇంజను ఆపేశాను. పక్క వరసలో ఎడ్లబండి మీదున్న రైతు చూస్తూనే ఉన్నాడు.

"ఏం బాబూ, కొత్తా?"

"అవునండీ."

"పర్లేదులే. మా ఎడ్లూ కొత్తయే."

ఫ్యాక్టరీ లోపల్నుంచి చెరుకు మడ్డి తీపి వాసన కమ్మేసింది. స్టీరింగు వణుకు మోచేతుల దాకా పాకుతోంది. నేనిన్నాళ్లూ కాగితంలో చుట్టి అమ్మిన రాడ్లలో ఒకటి ఎక్కడో కాళ్ల కింద తిరుగుతోంది. దీని మీద ఏదైనా అందామనిపించింది. వినేవాడు గురక పెడుతున్నాడు. ఇక చేసేదేం లేక సంతోషపడ్డాను.

ఆ లైను నత్తనడక గురించి ఇంట్లో అమ్మకు చెబుతూండగానే మళ్లీ పుట్టినరోజు వచ్చింది. కానుక వేశాను. అయ్యగారు మైకు పెట్టారు. సంఘమంతా నా మూతి వైపే చూస్తోంది. అలవాటు కొద్దీ ఒక జోకు నాలుక చివరికొచ్చింది.

నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ లేచి నిలబడింది.

"హెవీ లైసెన్సు రావాలనండీ అయ్యగారూ. పోయినేడు వేగం గురించి అడగడం మర్చిపోయాం, ఈసారి అది కూడా కలపండి."