షేరు పడుకున్న సదర్

రెండేళ్లు దాచిన నిజం ఇవాళ మీకూ చెప్పేస్తున్నాను. సదర్ పండుగ నాడు మా యాదగిరి దున్నపోతు నడివీధిలో పడుకున్నది దాణా వల్ల కాదు. నా యుకులేలే వల్ల.

యుకులేలే అంటే గిటారుకు పుట్టిన పసిపిల్లలా ఉండే నాలుగు తీగల వాయిద్యం. నలభై ఏడేళ్ల వయసులో దాన్ని బొజ్జ మీద పెట్టుకుని హెవీ మెటల్ వాయించాలని నాకు బుద్ధి పుట్టింది. గొంతు చించుకుని అరిచే పాటలు నా చేతిలో పడి జోలపాటలైపోయేవి. రెండు రోజులకే మా ఆవిడ, "ఇంట్లో మాత్రం వద్దు" అంది. సైదాబాద్‌లో మా ఇంటి వెనకే యాదగిరి పాలషెడ్డు.

యాదగిరికి మెటల్ అంటే ప్రాణం. ఆ గాయకులు రెండు వేళ్లు పైకెత్తి చూపిస్తారు కదా, అది చూసి పడిపోయాడు. "కొమ్ములు సూపెట్టే పాట మనది గాకుంటే ఎవరిది సారూ?" అనేవాడు.

అతను పాలు పోయడానికి వెళ్లినప్పుడల్లా, నల్ల లారీలాంటి అతని దున్నపోతు షేరు పక్కన స్టూలేసుకుని నెల రోజులు ఒకే పాట సాధన చేశాను. మొదలుపెట్టగానే అది మోకాళ్లు మడిచి, పడుకుని, కళ్లు మూసుకుని నెమరు వేసేది. నా సంగీతానికి మైమరచిన తొలి శ్రోత అనుకుని పొంగిపోయాను. నవ్వకండి, నాకు వేరే శ్రోతలు లేరు.

దీపావళి వెళ్లాక సదర్. అలంకరించిన దున్నలను ఊరేగించి, పాట మోగగానే ముందుకాళ్లెత్తి నిలబడేలా ఆడిస్తారు. యాదగిరి సొంత దున్నను దింపడం అదే మొదలు. నవ్వడానికి సిద్ధమై వాళ్ల బావ ఎదురుగానే నిలబడ్డాడు.

"అందరు తీన్మార్ ఏస్తరు, మనది మెటల్. ముందుగాల మీరెత్తుకోండ్రి సారూ, ఎన్కనే స్పీకర్లల్ల అసలు పాటొస్తది," అని యాదగిరి నా ముందు మైకు పెట్టించాడు.

తీగ మీటానో లేదో షేరు చెవులు వాల్చింది. మోకాళ్లు మడిచింది. వీధి మధ్యలో హాయిగా పడుకుంది. వెనకాల మూడు దున్నలు, రెండు డప్పు బృందాలు, లెక్కలేనన్ని ఆటోలు ఆగిపోయాయి.

"లేరా షేరూ, ఇజ్జత్ పోతది," యాదగిరి బతిమాలాడు.

"ఏంది బామ్మర్దీ, దున్నను తెచ్చినవా, పరుపు తెచ్చినవా?" అన్నాడు బావ.

లేపుదామని నేను ఇంకా గట్టిగా వాయించాను. అది గురక పెట్టింది. అప్పుడు వెలిగింది నాకు.

చేతిలో ఇమిడే ఆ వాయిద్యాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. యాదగిరి, జనంలో నిలబడ్డ దాణా వ్యాపారి ఇస్మాయిల్ భాయ్ మీద పడ్డాడు. "ఏం కలిపినవ్ భాయ్ దాణాల?"

"అల్లా కసమ్, అదే తవుడు, అదే పల్లి చెక్క."

పదిహేనేళ్ల దోస్తీ అక్కడే తెగింది. నేనేమో యుకులేలేను సంచిలోకి తోసేస్తూ, "దాణా మీద నాకూ అనుమానంగానే ఉంది" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

మొన్న ఇస్మాయిల్ భాయ్‌ని చేయి పట్టుకుని షెడ్డుకు లాక్కెళ్లాను. ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పి, "తప్పు నాది, క్షమించండి" అన్నాను.

యాదగిరి చేతిలోని పాల క్యాను కింద పెట్టాడు. "గా నాలుగు తీగలకా సారూ, మేమిద్దరం రెండేండ్లు మాట్లాడుకోలే?"

ఇస్మాయిల్ భాయ్ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. "మాకేం చెప్తరు సాబ్. ఇజ్జత్ పోయింది షేర్‌ది. దానికి చెప్పుండ్రి."

న్యాయమే. సాక్ష్యం కోసం తెచ్చిన యుకులేలేను చంకలో పెట్టుకుని షేరు ముందు చేతులు జోడించాను. "క్షమించు షేరూ. కొమ్ములున్న ఏ ప్రాణికీ వినపడేంత దూరంలో ఇక మెటల్ వాయించనని ఈ గడ్డిమోపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."

షేరు నన్ను చూసింది. చంకలోని యుకులేలేను చూసింది. మోకాళ్లు మడిచి పడుకుంది.