గేటు దగ్గర మేళం

వయొలిన్ మేష్టారు పోయారు. కబురు తెచ్చిన కుర్రవాడు నా సైకిల్ షాపు ముందు దిగి, "తెల్లారగట్ట ఎల్లిపోనారు మావా" అని, హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాడు. దుఃఖం సంగతి నేను చూసుకోగలను. ఆ తరవాత మా రాజాం పెద్దలు పెట్టిన సంతాపసభే నాకు మింగుడు పడడం లేదు.

మేష్టారి పిల్లల వాద్యబృందం నా షాపులోనే పుట్టిందంటే నవ్వకండి. ఒక సాయంత్రం రేడియోలో ఏదో పరదేశపు స్టేషను తగిలింది. (ఆ రేడియో నాది కాదు. ఒక కంట్రాక్టరు వదిలేసి పోయాడు. ఆ కథ వేరు.) ఊరంత జనం కలిసి వాయిస్తున్నట్టుంది. పంక్చరు వేయించుకోడానికొచ్చిన మేష్టారు ఆ సంగతి మరిచి చెవి ఆనించారు.

"వాయింపు కాదు బావా, ఆగడం సూడు! అందరూ ఒక్కపాలే ఆగిపోనారు. మన పిల్లలు ఆగలేరేటి?"

"ఆగడానికైతే బ్రేకులు నా కాడున్నాయి, పట్టుకెళ్ళండి" అన్నాను.

నిజంగానే పట్టుకెళ్ళినంత పని చేశారు. ఒక పాత ధాన్యం గోదాములో, తవుడు వాసనలో, ఒకే జంబుఖానా పరిచారు. దాని మీద బొబ్బిలి వీణలతో షావుకార్ల ఆడపిల్లలు, వయొలిన్లతో మేష్టర్ల పిల్లలు, పక్కనే సన్నాయి, డోలు పట్టుకుని మేళగాళ్ళ పిల్లలు. పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచేవాళ్ళు, ఎవరూ సరసన కూర్చోనివ్వని వాళ్ళు.

ఒక వీణపిల్ల తండ్రి, మిల్లు షావుకారు, గోదాములోకి ఊడిపడ్డాడు. "మా పాప ఈణ మేళపోడి సన్నాయి శ్రుతికి సవరించుకోవాలేటి?"

మేష్టారు కమాను దించలేదు. "తీగకి బిగించే బిరడా ఉన్నాది బాబూ, సన్నాయికి లేదు. తిప్పుకోగలిగినోడే తిప్పుకోవాల."

బృందం ఎందుకని అడిగిన ప్రతివాడికీ ఆయన చెప్పిన జవాబు అదే.

ఇప్పుడు సంతాపసభకి అధ్యక్షుడెవరనుకున్నారు? ఆ షావుకారే! వేదిక మీద ఆ జంబుఖానాయే, దాని మీద వీణలు, వయొలిన్లు, శ్రుతికి ఎక్కడిదో అరువు హార్మోనియం. మేళం పిల్లలు గేటు దగ్గర, నిలబడి.

"ఇదేటి?" అని అడిగాను.

"వచ్చినోళ్ళకి స్వాగతం తాతా. మేళం ఎప్పుడూ గేటు కాడే గదేటి" అన్నాడు నిర్వాహకుడు.

పోయినవాడి సభకి స్వాగతవాద్యమట! ఆ నోళ్ళతోనే మైకులో ఐకమత్యం అన్నారు, మేష్టారి ఆశయం అన్నారు. ఆశయం పటంలో ఉంది, దండ వేశారు. పిల్లలు ఎండలో ఉన్నారు, మంచినీళ్ళిచ్చినవాడు లేడు.

షావుకారు కూతురివైపు తిరిగి, "మొదలెట్టమ్మా" అన్నాడు.

"మా సన్నాయి ఏది నానా?"

"గేటు కాడున్నాది. నువ్వు కానీ."

"అయితే మేవూ ఆడికే."

"ఒసే! ఈణ ఇరిగిపోతాది, దించు!"

దించలేదు. వీణపిల్లలూ వయొలిన్ పిల్లలూ జంబుఖానా తలో కొసా పట్టుకున్నారు. ఒకరి వెనక ఒకరు వేదిక దిగి, పెద్దమనుషుల కుర్చీల మధ్యనుంచే నడిచి, గేటు అవతల నడిరోడ్డున పరిచారు. మేళం పిల్లలు జంకుతూనే కూర్చున్నారు.

పాట మొదలైంది. గడ్డి బండి ఒకటి వచ్చి ఆగింది. బండివాడు దిగి, ఎద్దుల మెడలో గంటలు చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.